జయపురం నుంచి ఏసీ కాలేజీకి

జయపురం అంటే రాజస్థాన్‌లోది కాదు, ఒడిశాలో కోరాపుట్ జిల్లాది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఎవరో ఒకరు హవా మహల్ గురించి అడుగుతారు. మా ఊళ్లో విక్రమదేవ్ కాలేజీ 1947లోనే వచ్చింది. మా ఇంటి దగ్గర సైకిలెక్కితే పది నిమిషాల్లో గేటు ముందుంటాం. అయినా మా నాన్న నన్ను 1976లో గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో, అంటే ఏసీ కాలేజీలో, బి.ఏ.కి వేశారు. "ఊళ్లో కాలేజీ పెట్టుకుని గుంటడ్ని అంత దూరం తోలేస్తారా" అని అమ్మ వారం రోజులు గోల. నాన్న ఒకటే మాట: "నేను చదివిన చోటే వాడూ చదువుతాడు."

అసలు కారణం అది కాదు. నాది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, రాత్రి ప్రార్థనకి తెలుగు బైబిలు చదువుతాం, అంతవరకే. సాలూరులో ఉన్న పెదనాన్నకి ఓ కార్డు రాయమంటే సగం ఒడియా అక్షరాల్లో రాసి పెట్టానట. ఆ కార్డు చూసిన రోజు నుంచి నాన్నకి బెంగ పట్టుకుందని చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది.

మాది అసలు సాలూరు. 1936కి ముందు సాలూరు, జయపురం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో, ఒకే విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. కొండమీది జయపురం, కోరాపుట్, నవరంగపూర్ అటు వెళ్లాయి, కొండకింది సాలూరు, పార్వతీపురం ఇటు మిగిలాయి. మా చర్చి మాత్రం రెండు ముక్కలవలేదు. జర్మనీలో బ్రెక్లుమ్ అనే చిన్న ఊరి నుంచి 1882లో వచ్చిన లూథరన్ మిషనరీలు సాలూరులోనూ పనిచేశారు, కోరాపుట్‌లోనూ పనిచేశారు. 1928లో ఏర్పడిన జయపురం లూథరన్ సంఘంలో కొండకింద తెలుగు ఆరాధన, కొండమీద ఒడియా ఆరాధన. నాన్న మిషన్ స్కూల్లో టీచరుగా ఘాటీ ఎక్కి వచ్చి, ఇక దిగలేదు.

మరి గుంటూరుకీ మాకూ ఏం సంబంధం? మొదటి ప్రపంచ యుద్ధం. జర్మన్ దొరలంతా శత్రు దేశస్థులైపోయారు. వాళ్లని పట్టుకెళ్లి, తర్వాత వాళ్ల దేశానికి పంపేశారు. దిక్కులేకుండా పోయిన మా సంఘాలని గుంటూరు, రాజమండ్రి వైపు ఉన్న అమెరికన్ లూథరన్లు చూసుకున్నారు. జర్మన్లు మళ్లీ వచ్చారు గానీ, అప్పుడు పడిన దారి అలాగే ఉండిపోయింది. మా వాళ్లలో ఎవరి పిల్లాడికైనా కాస్త చదువు అబ్బితే, పాస్టరయ్యగారు ఓ ఉత్తరం రాసి ఇచ్చేవారు, ఆ ఉత్తరం పట్టుకుని గుంటూరు.

ఇక్కడ మహారాజావారి సంగతి కూడా చెప్పుకోవాలి. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ తెలుగు కవి, పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన మనిషి. వాల్తేరులో సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. అదంతా గొప్పే, కాదనను. కానీ నాన్న ఇంటర్ ముగించే నాటికి జయపురంలో కాలేజీ లేదు. మా రాజుగారి డబ్బు ఘాటీ దిగి వాల్తేరు వెళ్లింది, మా ఊరి కుర్రాళ్లు దాని వెనకే ఘాటీ దిగారు.

నా ప్రయాణం, సాలూరు నుంచైతే నాన్న ప్రయాణంలాగే సాగింది. జయపురంలో పొద్దున్నే బస్సు, కోరాపుట్ మీదుగా సుంకి ఘాటీ. ఆ మలుపుల్లో బస్సులో సగం మంది తలలు కిటికీల బయటే ఉండేవి. సాలూరులో పెదనాన్న ఇంట్లో రాత్రి పడక. తెల్లారి సాలూరు నుంచి బొబ్బిలికి చిన్న రైలు, బొబ్బిలిలో మారి విజయనగరం, అక్కడ రాత్రి రైలు, తెల్లవారుజామున విజయవాడ, మళ్లీ బస్సు. రేకు పెట్టె, చుట్టిన పరుపు, అమ్మ కట్టిన చోడి జంతికలు. నాన్న దారి పొడవునా ఒక్కో స్టేషన్లో తాను 1944లో ఏం తిన్నారో చెబుతూనే ఉన్నారు.

జూన్ నెల. మాకు జూన్ అంటే వాన మొదలై, రాత్రిళ్లు దుప్పటి కప్పుకునే రోజులు. గుంటూరులో దిగేసరికి ఒళ్లు కాలిపోతోంది. బ్రాడీపేటలో నాన్న స్నేహితుడి ఇల్లు వెతకడానికి ఓ పూటంతా పట్టింది. అక్కడ వీధులకి పేర్లు ఉండవు. నిలువు దారులు లైన్లు, అడ్డ దారులు అడ్డరోడ్లు, అన్నిటికీ నంబర్లే. నాన్న కాలం నాటి గుర్తు ఏదీ మిగల్లేదు. ఆయన మాత్రం ఒప్పుకోరు, "ఇక్కడే, ఇక్కడే ఓ వేపచెట్టు ఉండేది" అంటూ నన్ను ఎండలో తిప్పారు.

హాస్టల్లో మొదటి రాత్రి భోజనంలో గోంగూర. మా జయపురంలో దాల్మా అనే కూరగాయల పప్పులో ఓ పచ్చిమిర్చి పడితే అది కారం కింద లెక్క. ఒక్క ముద్ద పెట్టుకున్నానో లేదో, కళ్లు, ముక్కు, చెవులు అన్నీ పనిచేయడం మొదలుపెట్టాయి. ఎదురుగా కూర్చున్న మాచర్ల కుర్రాడు నీళ్లు అందించి, "ఏ ఊరు బ్రదర్?" అన్నాడు. ఒరిస్సా అన్నాను. ఆ రాత్రే నాకు జగన్నాథం అని పేరు పెట్టేశారు. మూడు తరాల లూథరన్‌ని, చర్చిలో గంట కొట్టిన వాణ్ని, జగన్నాథం! అప్పట్లో ఉక్రోషం వచ్చింది. మా హాస్టల్లో చాలామందిని ఊరి పేరుతోనే పిలిచేవారు. మాచర్ల, రేపల్లె, బాపట్ల, ఇద్దరున్న చోట పెద్ద ఒంగోలు, చిన్న ఒంగోలు. జయపురం అని పిలవమంటే ఒక్కడూ వినలేదు.

మిషన్ కాలేజీ అనగానే అందరూ క్రైస్తవులే ఉంటారని బయటివాళ్లు అనుకుంటారు. మా క్లాసులో క్రైస్తవులం సగం కూడా లేము. పల్నాటి రైతుల పిల్లలు, పట్నం షావుకార్ల పిల్లలు, తురక పాలెం నుంచి వచ్చినవాళ్లు, అగ్రహారం నుంచి వచ్చినవాళ్లు, మా లూథరన్ పల్లెల నుంచి మొట్టమొదటిసారి చదువుకి బయల్దేరినవాళ్లు. ఈ చివరి వాళ్ల ఊళ్లలో బావి వేరు, గ్లాసు వేరు. హాస్టల్ మెస్సులో గ్లాసు ఒకటే. దీని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. పక్కన కూర్చుని తిన్నాం, అంతే. అందరూ తినలేదు, అది కూడా చెప్పాలి. కొందరు బయట గదులు తీసుకుని, బయటే తినేవారు. కారణం అడిగితే వంట బాగోదు అనేవారు. వంట బాగోదన్నది నిజమే గానీ, అసలు కారణం అందరికీ తెలుసు.

కాలేజీ పుట్టుక గురించి మాకు చరిత్ర చెప్పిన మాస్టారు ఓసారి పాఠం పక్కన పెట్టి ఓ పీరియడంతా మాట్లాడారు. హయ్యర్ అనే లూథరన్ పాస్టరు 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. జర్మనీలో పుట్టి, కుర్రతనంలోనే అమెరికా వెళ్లిపోయినవాడు. అప్పటికి వయసు 49. అప్పటి గుంటూరు కలెక్టరు స్టోక్స్ పిలిచి, ఇక్కడే ఉండమన్నాడు. బడితో మొదలైంది పని. హయ్యర్ తిరిగి వెళ్లి వైద్యం కూడా చదువుకుని మళ్లీ వచ్చాడు. చివరికి 76 ఏళ్ల వయసులో, రాజమండ్రిలో మిషన్ ఆంగ్లికన్ల చేతికి పోయేలా ఉందని తెలిసి, మూడోసారి ఓడెక్కాడు. "మీలో 76 ఏళ్లకి తెనాలి వరకూ అయినా వెళ్లేవాడు ఎవడ్రా?" అన్నారు మాస్టారు. హయ్యర్ పోయాక చాలా ఏళ్లకి, 1885లో కాలేజీ వచ్చింది. మొదట్లో ఇంటర్ లాంటి ఎఫ్.ఏ. వరకే, డిగ్రీ తర్వాతి మాట. కాలేజీ కన్నా రెండేళ్ల ముందు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పెట్టిన ఆసుపత్రి ఊళ్లో మా అందరికీ తెలుసు. రెండో ఏడు నాకు కామెర్లు వస్తే అక్కడే పడుకున్నాను. నర్సమ్మ ఒకావిడ నేను లూథరన్‌నని తెలిసి రోజూ రెండు గ్లాసుల మజ్జిగ ఎక్కువ ఇచ్చేది.

ఇప్పుడు నా తెలుగు సంగతి. రెండో భాషగా హిందీ తీసుకుంటే గట్టెక్కేవాణ్ని. నాన్న దరఖాస్తులో తన చేత్తోనే తెలుగు అని రాసేశారు. మొదటి నెలలో తెలుగు మాస్టారు "మా ఊరు" అని వ్యాసం రాసుకు రమ్మన్నారు. నాకు తెలిసిన రాత తెలుగు ఒక్కటే, బైబిలు తెలుగు. తెలుగులో అచ్చులో ఉన్నదంటే నేను చదివింది అదే. దాంతో ఇలా మొదలుపెట్టాను: "ఆ దినములయందు పర్వతముల నడుమ జయపురమను పట్టణముండెను. మరియు ఆ పట్టణమునకు సమీపమున ఒక చెరువుండెను. మరియు ఆ చెరువు మిక్కిలి గొప్పది." రెండు పేజీలు. ప్రతి వాక్యం ముందు ఓ మరియు. సంత గురించి రాసిన చోట జనసమూహములు కూడుకొనుచుండిరి, కొండవాళ్లు తేనెయు చింతపండును తెచ్చుచుండిరి.

మాస్టారు దాన్ని క్లాసులో నిలబెట్టి చదివించారు. మూడో మరియు దగ్గర వెనక బెంచీ పడిపోయింది, నవ్వి నవ్వి. ఆయన మాత్రం నవ్వలేదు. అంతా అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమయ్యా, మీ ఊరికి బస్సులో వెళ్లొచ్చా, గాడిద మీదే వెళ్లాలా?" అన్నారు. అప్పుడు నేను కూడా నవ్వాను. తర్వాత ఆయన నన్ను స్టాఫ్ రూముకి పిలిపించి పాత వారపత్రికల కట్ట చేతిలో పెట్టారు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చదువు. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, మనుషులు ఎలా మాట్లాడుకుంటారో చూడు" అన్నారు. సీరియల్స్, వంటలు, ప్రశ్నలు జవాబులు, సినిమా కబుర్లు, అన్నీ నమిలేశాను. ఆయన బ్రాహ్మణుడు, పంచె కట్టు, విభూతి. పరీక్ష ముందు వారం మాత్రం, "నువ్వు రాసిన ఆ మొదటి వ్యాసంలో చెరువు కనబడిందయ్యా నాకు. ఆ మరియులు తీసెయ్, చెరువుని ఉంచు" అన్నారు. తెలుగు పరీక్షలో నాకొచ్చిన మార్కులు చూసి నాన్న ఓ కార్డు రాశారు. తిట్లు లేకుండా ఆయన రాసిన కార్డు బహుశా అదొక్కటే.

పొద్దున్న చాపెల్‌లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడేవాళ్లం. అందులో పురుషోత్తమ చౌదరిగారివి చాలా ఉంటాయి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు, ఇల్లు ఒడియా బ్రాహ్మణులది, పాడింది తెలుగులో. ఈ సంగతి గుంటూరు వాళ్లకి తెలియదు. నాకు తెలిసిన రోజున హాస్టలంతా తిరిగి చెప్పాను: మీరు రోజూ పాడేది మా వైపు వాడి పాటలే అని. "అయితే నీ జగన్నాథం పేరు ఖాయం" అన్నాడు మాచర్ల. డిసెంబరు వస్తే కేరల్స్. లాంతర్లు పట్టుకుని రాత్రంతా ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. మా గుంపులో అందరికన్నా బాగా పాడినవాడు ఓ వైష్ణవుల కుర్రాడు. ఒక ఇంట్లో పెద్దావిడ అతన్ని దగ్గరికి తీసుకుని "ఏ సంఘం నాయనా మీది?" అంటే, వాడు తడుముకోకుండా "గుంటూరు తూర్పు" అన్నాడు. కేక్ ముక్క పెద్దది వాడికే దొరికింది.

మాది డివైడింగ్ మెస్సు. నెలంతా అయిన ఖర్చుని తిన్న పూటలతో భాగించి బిల్లు వేస్తారు. రెండో ఏడు మాచర్ల మెస్ సెక్రటరీ అయ్యాడు. వాడి దగ్గర నీలం అట్టతో పొడుగాటి ఖాతా పుస్తకం, చెవిలో పెన్సిలు. మనిషికో గీత, అతిథి వస్తే ఓ సున్నా, గుడ్డు అదనంగా వేయించుకుంటే ఓ చుక్క. ఎవడు ఏ మూల కూర్చుని రెండో గుడ్డు అడిగినా ఆ చుక్క పడిపోవాల్సిందే. వాడి ఆఖరి నెలలో ఆ పుస్తకం మాయమైంది. బిల్లు అందరికీ సమానంగా వేయాల్సి వచ్చింది. బాగా తినేవాళ్లంతా పండగ చేసుకున్నారు. పుస్తకం ఎవరు తీశారో ఈ రోజుకీ తేలలేదు.

1977 నవంబరు 19, శనివారం. మధ్యాహ్నం నుంచే గాలి. రాత్రికి హాస్టల్ తలుపులు గడియ పెట్టినా తెరుచుకుంటున్నాయి, మంచాలు అడ్డం పెట్టాం. కరెంటు పోయింది. గుంటూరులో చెట్లు పడ్డాయి, రేకులు ఎగిరాయి, మాకు తెలిసిన తుఫాను అంతే. తెల్లారాక ఒక్కో మాటా వచ్చింది. దివిసీమ మీదికి ఉప్పెన వచ్చిందట. మా రేపల్లె కుర్రాడు బస్సుల్లేకపోయినా నడిచి బయల్దేరాడు. నాలుగో రోజు తిరిగొచ్చాడు. వాళ్ల అమ్మానాన్న బతికారు. తీరాన ఉన్న అక్కవాళ్ల గురించి ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. "బట్టలు కావాలి, బియ్యం కావాలి" అన్నాడు, అంతే.

షాపు షాపుకీ తిరిగాం. మిర్చి యార్డులో హమాలీలు కూడా రూపాయి, అర్ధ రూపాయి వేశారు. లారీలో బియ్యం మీదే కూర్చుని వెళ్లాం. రేపల్లె దాటాక ఇక రోడ్డు లేదు. పొలాలన్నీ కోతకొచ్చిన వరి, అంతా ఒకే వైపు పడిపోయి, ఉప్పు కట్టి తెల్లగా ఉంది. తాడిచెట్ల మీద చీరలు. ఎవరూ ఎక్కి తగిలించినవి కావు, నీళ్లు అంత ఎత్తు వచ్చాయన్నమాట. గొడ్ల కళేబరాలు, మరికొన్ని కూడా. అవి రాయను. చనిపోయినవాళ్లు దగ్గర దగ్గర పదివేల మందని తర్వాత ప్రభుత్వ లెక్కల్లో వచ్చింది. మా జట్టుకి బియ్యం కొలిచి ఇచ్చే పని పడింది. మనిషికి రెండు శేర్లు అని చెప్పి పంపారు. నిలువెత్తు మనిషి ఒకడు వచ్చి, ఇంట్లో ఎంతమంది అంటే, ముందు ఏడుగురు అని, కాసేపాగి ఒకడు అన్నాడు. మాచర్ల ఏడుగురికి కొలిచాడు. పైవాళ్లకి ఏం లెక్క చెబుతావని నేను అడిగితే, "నువ్వు నోరు ముయ్యి" అన్నాడు. గుడ్డు గుడ్డుకీ చుక్క పెట్టే మనిషి.

మిగతా ఏడాదిన్నర చప్పున గడిచిపోయింది. పరీక్షలు, కాలేజీ డేకి షేక్‌స్పియర్ నాటకంలో ఈటె పట్టుకుని నిలబడే వేషం, శంకర్ విలాస్‌లో అప్పు కాఫీలు.

డిగ్రీ చేతికొచ్చాక ఒక చిక్కు. నాగార్జున విశ్వవిద్యాలయం మేం చేరిన 1976లోనే మొదలైంది. నాన్న పట్టా ఆంధ్రా యూనివర్సిటీది, నాది నాగార్జునది. ఒడిశాలో ఓ ఆఫీసుకి ఉద్యోగానికి వెళ్తే గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "నాగార్జున అంటే డ్యామ్ కదా, యూనివర్సిటీ ఏమిటి?" అన్నాడు. ఏసీ కాలేజీ అంటే ఏసీ ఉన్న కాలేజీ అనుకున్నాడో ఏమో, నన్ను ఎగాదిగా చూశాడు. ఆ పట్టా నిజమైనదేనని నిరూపించుకోవడానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాయాల్సి వచ్చింది, టెన్షన్‌తో నాన్నకి బీపీ పెరిగింది. చివరికి బ్యాంకులో వచ్చింది ఉద్యోగం, అదీ కోరాపుట్ జిల్లాలోనే.

1983 జనవరిలో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజు మా ఇంట్లో రేడియో ముందు నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రామారావు బి.ఏ. ఏసీ కాలేజీలోనే. నాన్న ఉన్న రోజుల్లోనే ఆయనా ఉన్నాడని నాన్న ఇదివరకెప్పుడూ అనలేదు. ఆ సాయంత్రం నుంచి మాత్రం ఇద్దరూ ఒకే వరండాలో తిరిగారు. నెల తిరిగేసరికి ఒకే బెంచీ. వేసవికి రామారావు నాన్న దగ్గర నోట్సు తీసుకున్నాడు. నలభైల్లో గుంటూరులో చదివిన ఏ పెద్దమనిషిని కదిపినా ఎన్టీఆర్ క్లాస్‌మేటే అని తర్వాత నాకు అర్థమైంది. అంతమంది ఒకే బెంచీ మీద ఎలా పట్టారో! అమ్మ మాత్రం ఓసారి ఉండబట్టలేక, "ఆ నోట్సు తిరిగి ఇచ్చాడా మరి?" అంది. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.

మా వీధి నుంచి గుంటూరు వెళ్లిన చివరివాణ్ని నేనే అనుకుంటాను. మా పిల్లలు ఒకరు భువనేశ్వర్, ఒకరు విశాఖ, ఇంజినీరింగ్. వాళ్లని ఏసీ కాలేజీకి పంపుదామని నేను అననూ లేదు, అంటే వినేవాళ్లూ కాదు. బి.ఏ.కి అంత దూరం ఎవరెళ్తారు? ఇద్దరికీ తెలుగు మాటలు వచ్చు, చదవడం తడుముకుంటూ వస్తుంది. నాన్నకి ఆ కార్డు చూసి పట్టుకున్న బెంగ నాకూ వచ్చింది. ఆయన చేసినట్టు నేను చేయలేకపోయాను.

మా బ్యాచ్‌కి ఓ వాట్సాప్ గ్రూప్ ఉంది. రేపల్లె పోయినేడు కన్నుమూశాడు. మిగిలినవాళ్లం పొద్దున గుడ్ మార్నింగ్‌లు, పండగలకి అన్ని మతాల శుభాకాంక్షలు. మాచర్ల రిటైర్డ్ ఆడిటర్, ఎవరికీ ఆశ్చర్యం లేదు. మొన్న ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆ నీలం అట్ట పుస్తకం దొరికిందట. తీసింది వాడే! రేపల్లె ఆ నెల డబ్బు కట్టలేని స్థితిలో ఉన్నాడని, వాడి పేరు బయటపడకుండా పుస్తకాన్నే మాయం చేశాడట. పేజీలు ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. రేపల్లె వరసలో అన్నీ గీతలే. నా వరసలో బోలెడు చుక్కలు. కింద వాడి మెసేజ్: "జగన్నాథం, గుడ్ల బాకీ ఉంది. వడ్డీతో పంపు." చుక్కలు సగం వాడు తర్వాత పెట్టినవే, పైసా ఇవ్వనని చెప్పాను. పెద్ద ఒంగోలు వాడి పక్షం, బాపట్ల నా పక్షం. ఇంకా తేలలేదు.